జీతం చీటీలో కనిపించని కోత

రైల్వే ఉద్యోగి జీతం చీటీలో కోతలన్నీ వరసగా అచ్చయి ఉంటాయి. పీఎఫ్ ఇంత, క్వార్టరు అద్దె ఇంత, కరెంటు ఇంత, సొసైటీ అప్పు వాయిదా ఇంత. ఎక్కడైనా లెక్క తేడా వస్తే ఆఫీసుకు వెళ్లి అడగొచ్చు, యూనియన్ వాళ్లను వెంటబెట్టుకుని మరీ అడగొచ్చు. అదే ఉద్యోగి ఆయుష్షులోంచి నెలనెలా పోతున్న కోతకు మాత్రం చీటీ లేదు. ఎంత పోయిందో, ఏ పద్దు కింద పోయిందో ఎవరూ రాసి ఇవ్వరు. గాలి కాలుష్యం అనగానే మనకు దగ్గు, ఆయాసం, కళ్ల మంటలు గుర్తొస్తాయి. అవి పైకి తెలిసే బాధలు. అంతకంటే పెద్ద నష్టం చడీచప్పుడూ లేకుండా జరుగుతోంది. చెడ్డ గాలి ఆ ఊళ్లో ఉన్న అందరి ఆయుష్షులోనూ కొంత కోసేస్తుంది. ఆ కోతను సంవత్సరాల్లో లెక్కగట్టవచ్చు. గాలి బాగుపడితే పోయే సంవత్సరాలు మిగులుతాయి కూడా. ఈ మూడు మాటలకూ గట్టి ఆధారాలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, బొగ్గు మీద పెరిగిన తోర్వా లాంటి పేట నుంచి చూస్తే ఆ ఆధారాల విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

తోర్వా రైల్వే స్టేషనుకు దగ్గర్లో, అర్పా నది ఒడ్డున ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా లైను వేసింది. ఆ లైను మీద బిలాస్‌పూర్ పెద్ద జంక్షను అయింది. పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే ఉత్తరాంధ్ర జనం బిలాస్‌పూర్‌కూ వచ్చారు. గ్యాంగుల్లో, లోకో షెడ్డులో, యార్డులో చెమటోడ్చారు. తరాలు మారినా ఇళ్లలో తెలుగు మిగిలింది. ఆవిరి ఇంజను రోజుల్లో ఫైర్‌మన్ పారతో బొగ్గు వేస్తుంటే లేచిన పొగ ఎవరి కంటికైనా కనిపించేది. ఆరేసిన బట్టల మీద మసి నలుసులు పడేవి. ఇప్పుడు ప్రధాన మార్గాల్లో రైళ్లు కరెంటు మీద నడుస్తున్నాయి కాబట్టి పొగ పీడ వదిలిందనుకుంటాం. నిజానికి పొగ చోటు మారింది. మన దేశపు కరెంటులో ముప్పావు వంతు దాకా ఇంకా రాక్షసిబొగ్గు నుంచే వస్తోంది. ఆ బొగ్గు వ్యాపారానికి బిలాస్‌పూర్ నడిబొడ్డు లాంటిది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. 2003లో జోనుగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. కోర్బా జిల్లాలోని గెవరా గని ఆసియాలోనే అతి పెద్ద బొగ్గు గనుల్లో ఒకటి. ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఉంది.

ఇక్కడి పట్టాల మీద సాగే ఒక్క బొగ్గు గూడ్సు రైలును, అంటే ఒక రేకును, తీసుకుని లెక్క వేద్దాం. యాభై ఎనిమిది బాక్సన్ వ్యాగన్లు, దాదాపు నాలుగు వేల టన్నుల బొగ్గు. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. వంద కిలోలు కాలిస్తే ముప్ఫై అయిదు, నలభై కిలోల బూడిద మిగలడం మామూలే. అంటే ఆ ఒక్క రేకు నుంచి పధ్నాలుగు నుంచి పదహారు వందల టన్నుల బూడిద. అందులో చాలా భాగాన్ని పొగగొట్టం దగ్గరి యంత్రాలు పట్టేస్తాయి. ఆ మాట దాచకూడదు. పట్టిన బూడిదను సిమెంటుకు, ఇటుకలకు వాడగా మిగిలినది బూడిద చెరువుల్లో చేరుతుంది. ఎండాకాలం ఆ చెరువులు ఎండి, వడగాలి లేచినప్పుడు చుట్టుపక్కల పల్లెల వాళ్లకు అన్నం మూత తీయడానికీ భయమే. ఇక యంత్రాలకు చిక్కనిది గంధకపు వాయువు. అది పొగగొట్టం దాటాక గాలిలో రోజుల తరబడి తిరిగి, తేమతోనూ ఇతర వాయువులతోనూ కలిసి కంటికి ఆనని రేణువులుగా మారుతుంది. అయిదు వందల మెగావాట్లు, ఆపైన ఉన్న యూనిట్లకు 275 మీటర్ల పొగగొట్టం ఉండాలని నిబంధన. ఆ ఎత్తు వల్ల దగ్గరి ఊరికి కొంత ఊరట కలుగుతుంది కానీ, వందల కిలోమీటర్ల అవతలి ఊళ్లకు అదే పొగ పంపకమవుతుంది.

పొగంతా పెద్ద పొగగొట్టాలదే అనుకుంటే అదీ పొరపాటు. చలికాలం పొద్దు గూకే వేళ ఇలాంటి పేటల్లో సందుసందునా ఒక దృశ్యం కనిపిస్తుంది. పాత ఇనుప బకెట్టుకో డబ్బాకో అడుగున కంత పెట్టి, లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల కుంపటి. ఇక్కడివాళ్లు సిగ్డీ అంటారు. అడుగున పిడక ముక్కలు, నాలుగు పుల్లలు పేర్చి అంటించి, పైన రాయిబొగ్గు పోస్తారు. మొదటి అరగంట పసుపు కలిసిన చిక్కటి తెల్లపొగ వస్తుంది. అందుకని దాన్ని గుమ్మం బయట, సందులో పెడతారు. పొగ తగ్గి బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తీసుకెళ్లి వంట చేస్తారు, తర్వాత చలి కాచుకుంటారు. ఒక ఇంటివాళ్లు బయట పెట్టిన పొగ ఎదురింటి కిటికీలోకి పోతుంది, ఎదురింటిది వీళ్ల ఇంట్లోకి వస్తుంది. ఎర్రటి నిప్పుకు పొగ ఉండదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఇంకా ఘోరం. తలుపులు మూసిన గదిలో ఆ నిప్పు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగగొట్టం నుంచి టన్నుల కొద్దీ పొగ వచ్చినా మనిషి ముక్కును చేరేది అందులో అతి స్వల్ప భాగం. కుంపటి పొగ కొంచెమే అయినా పక్కనే కూర్చున్న తల్లి, ఒళ్లోని బిడ్డ నేరుగా పీలుస్తారు. అందుకే ఈ రెండింటిలో ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మరుగుపరిచే వాదం ఎవరు చేసినా ఒప్పుకోకూడదు.

ఆయుష్షు తగ్గేది ఎలా? వరండాలో తడిగుడ్డతో తుడిస్తే అంటుకునే నల్లటి దుమ్ము ముతక రకం. అందులో చాలా భాగాన్ని ముక్కు, గొంతు ఆపుతాయి. మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కంటే సన్నని రేణువులను పీఎం 2.5 అంటారు. అవి ఊపిరితిత్తుల చివర ఉన్న గాలి తిత్తుల దాకా పోతాయి. వాటిలో మరీ సన్ననివి నెత్తురులోనూ కలుస్తాయి. ఒంట్లోకి పరాయి పదార్థం చేరితే శరీరం దానితో పోరాడుతుంది. ఆ పోరాటం ఇరవై నాలుగు గంటలూ, ఏళ్ల తరబడి సాగితే రక్తనాళాల గోడలు వాచి గట్టిపడతాయి, నెత్తురు గడ్డకట్టే గుణం పెరుగుతుంది. అందుకే గాలి కాలుష్యం వల్ల పోయే ప్రాణాల్లో చాలా వాటికి కారణం ఊపిరితిత్తుల జబ్బు పేరుతో రాదు. గుండెపోటు, పక్షవాతం పేర్లతో వస్తుంది. క్యాన్సర్ సంగతీ తేలిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను 2012లో, బయటి గాలి కాలుష్యాన్ని మొత్తంగా 2013లో మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అని రాస్తారు. గుండెను ఇరవై ఏళ్లుగా నలిపింది ఏమిటో రాయడానికి అందులో గడి లేదు.

గడి లేనప్పుడు లెక్క ఎక్కడిది? అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు ఆరు పట్టణాల్లో ఎనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్లను పధ్నాలుగు నుంచి పదహారు ఏళ్లు గమనించారు. పొగ తాగే అలవాటు, వయసు, చదువు లాంటి తేడాలను లెక్కలోంచి తీసేశాక కూడా, అన్నిటికంటే మురికి గాలి ఉన్న స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు అన్నిటికంటే శుభ్రమైన పోర్టేజ్‌లో కంటే 26 శాతం ఎక్కువని 1993లో ప్రకటించారు. ఇంతకంటే నా మనసుకు పట్టిన ఉదాహరణ అమెరికాలోనే ఉన్న యూటా లోయది. అక్కడ ఒక ఉక్కు కర్మాగారం కార్మిక వివాదం వల్ల 1986 ఆగస్టు నుంచి 1987 సెప్టెంబరు దాకా మూతపడింది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఆసుపత్రి రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. కర్మాగారం నడిచిన చలికాలాల్లో ఊపిరి జబ్బులతో ఆసుపత్రిలో చేరిన పిల్లలు, మూసిన చలికాలంతో పోలిస్తే రెండు మూడు రెట్లు. ఆ లోయలో పొగ తాగేవాళ్లు చాలా తక్కువ, కాబట్టి నెపం సిగరెట్ల మీదికి నెట్టే వీలు లేదు. ఆ రోజుల్లో గాలి కొలిచిన వడపోత కాగితాలను దాచి ఉంచారు. తర్వాత వేరే శాస్త్రవేత్తలు ఆ కాగితాల మీది దుమ్మును తీసి పరీక్షిస్తే, కర్మాగారం నడిచిన నాటి దుమ్ము ఊపిరితిత్తుల్లో వాపు పుట్టించింది, మూసిన నాటి దుమ్ము అంతగా పుట్టించలేదు. ఆసుపత్రి రిజిస్టరు చెప్పిన సంగతినే ప్రయోగశాల కూడా చెప్పింది.

సంవత్సరాల్లో లెక్క చైనా నుంచి వచ్చింది. అక్కడి ప్రభుత్వం హ్వాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్లకు చలికాలం ఇళ్లు వెచ్చగా ఉంచడానికి దశాబ్దాల పాటు ఉచితంగా బొగ్గు ఇచ్చింది, దక్షిణాన ఇవ్వలేదు. జనానికి మేలు చేసే ఉద్దేశంతో పెట్టిన పథకం అది. ఫలితంగా నదికి ఇటూ అటూ గాలిలో పెద్ద తేడా వచ్చింది. ఆయుష్షులో తేడా అయిదున్నరేళ్లని 2013లో ఒక అంచనా వచ్చింది. మెరుగైన సమాచారంతో 2017లో మళ్లీ చూస్తే సుమారు మూడేళ్లని తేలింది. తమ అంకెను తామే తగ్గించి చెప్పిన పరిశోధకుల మాటను ఇంకొంచెం ఎక్కువ నమ్మవచ్చని నా అభిప్రాయం. చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పద్ధతి మీదనే దేశాల వారీగా లెక్క కడుతున్నారు. దాని ప్రకారం సగటు భారతీయుడు కాలుష్యం వల్ల పోగొట్టుకుంటున్నది మూడున్నరేళ్ల ఆయుష్షు. 2019 ఒక్క ఏడాదిలో మన దేశంలో 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని భారత వైద్య పరిశోధన మండలి పాల్గొన్న అధ్యయనం అంచనా కట్టింది. అది ఆ ఏటి మొత్తం మరణాల్లో దాదాపు 18 శాతం.

ఇక్కడ పెద్దవాళ్ల నుంచి ఒక మాట వస్తుంది. మా తాత జీవితమంతా బొగ్గు ఇంజను మీద పనిచేశాడు, ఎనభై అయిదేళ్లు బతికాడు, ఈ కబుర్లన్నీ ఎందుకు అని. ఆ తాత బతికింది నిజం. కానీ పెన్షన్ వరసలో నిలబడిన ముసలివాళ్లను చూసి లెక్క కడితే, ఆ వరస దాకా చేరినవాళ్లే కనిపిస్తారు. పక్కన ఫ్యామిలీ పెన్షన్ తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్లనూ చూడాలి. వాళ్ల భర్తలు ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో అడిగితే గానీ లెక్క పూర్తికాదు. సగటున మూడేళ్లు తగ్గడమంటే అందరికీ సరిగ్గా మూడేళ్లు తగ్గడం కాదు. కొందరికి ఏమీ కాదు, కొందరికి ఇరవై ఏళ్లు పోతాయి. ఎవరికి ఏది రాసిపెట్టి ఉందో ముందు తెలియదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. స్వాతంత్ర్యం వచ్చిన నాడు భారతీయుడి సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్లు, ఇప్పుడు డెబ్బై. ఈ కాలంలోనే ఫ్యాక్టరీలు, మోటార్లు, బొగ్గు అన్నీ పెరిగాయి. కాలుష్యం ఆయుష్షును కోస్తే ఇది ఎలా సాధ్యం అంటారు. మశూచి పోయింది, కలరా తగ్గింది, టీకాలు వచ్చాయి, పురుళ్లు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి, తిండి దొరుకుతోంది. ఇవన్నీ కలిపి ఆయుష్షును పెంచాయి. ఆ పెరిగినదాంట్లోంచే చెడ్డ గాలి కొంత తగ్గిస్తోంది. జీతం పెరిగింది కదా అని అన్యాయమైన కోతను ఏ ఉద్యోగీ ఒప్పుకోడు. గాలి బాగుపడితే ఈ కోత తగ్గుతుంది కూడా. అమెరికాలో 51 నగరప్రాంతాలను 1980 నుంచి 2000 దాకా పోల్చి చూసిన మరో అధ్యయనంలో, ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 పది మైక్రోగ్రాములు తగ్గితే ఆయుర్దాయం సుమారు ఏడు నెలలు పెరిగిందని తేలింది. మన గాలి ఉన్న తీరుకు పది మైక్రోగ్రాములు పెద్ద తగ్గింపు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక పరిమితి 5. మన దేశపు ప్రమాణం 40, అంటే ఎనిమిది రెట్లు. మన దేశంలో సహజంగానే దుమ్ము ఎక్కువన్న వాదనలో కొంత నిజం ఉంది. కానీ ఊపిరితిత్తులు దేశానికో రకంగా తయారు కాలేదు.

మరణానికి గాలి కాలుష్యమే నేరుగా కారణమని తేల్చే సమాచారం దేశంలో లేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో పలుమార్లు చెప్పింది. ఒక్కొక్క మరణాన్ని విడిగా తీసుకుంటే ఆ మాట సరే. ఆ కొలబద్ద ప్రకారం పొగాకు కూడా నిర్దోషే. ఏ మరణ ధ్రువపత్రంలోనూ బీడీ అని రాయరు. అయినా బీడీ కట్ట మీద హెచ్చరిక వేయించాం కదా. కారణం తేలని చోట తేలలేదని చెప్పడం న్యాయం. ఉత్తరాంధ్ర వాళ్లకు బాగా తెలిసిన ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఇంకా నిర్ధారణ కాలేదు. అక్కడ ఆ మాట అనాల్సిందే. సన్నని రేణువుల విషయం అలా లేదు. పట్టణాలను పోల్చినా, కర్మాగారం మూసినా తెరిచినా, నదికి రెండు ఒడ్లు చూసినా, ప్రయోగశాలలో పరీక్షించినా జవాబు ఒకే వైపు ఉంది.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం అన్నం గురించి. బొగ్గు ఆగితే ఈ ఊరి రైలు ఆగుతుంది, రైలు ఆగితే పొయ్యి ఆగుతుంది. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. వేల కుటుంబాలు దీని మీద బతుకుతున్నాయి. కానీ గనులు రేపే మూసేయాలన్న వాదన వేరు, తవ్వి, మోసి, కాల్చే పని మర్యాదగా చేయాలన్న వాదన వేరు. లోడింగ్ చేసేచోట నీళ్లు చల్లడం, వ్యాగన్ల మీద టార్పాలిన్లు కప్పడం, బూడిద చెరువును తడిగా ఉంచడం, గంధకాన్ని పట్టే యంత్రాలు పెట్టడం వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. ఆ యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులోనే కేంద్రం ఆదేశించింది. మొదట రెండేళ్ల గడువు ఇచ్చి, మళ్లీ మళ్లీ పొడిగించి, చివరికి 2025 జులైలో దేశంలోని ఎక్కువ యూనిట్లకు ఆ అవసరమే లేదని మినహాయించింది. మన బొగ్గులో గంధకం తక్కువన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. టన్నుకు తక్కువే, కానీ కాల్చే టన్నులు కోట్లలో ఉన్నాయి. ఇది ప్రజల ఆయుష్షుకు సంబంధించి తీసుకున్న చెడ్డ నిర్ణయమని నేను అనుకుంటున్నాను. చైనా 2013 తర్వాత గట్టిగా పూనుకుని పదేళ్లలోపే తన గాలిలో పీఎం 2.5ను సుమారు 40 శాతం తగ్గించింది. బొగ్గు వాడకం మానకుండానే ఆ పని చేసింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యానికి మార్కులు వేసినప్పుడు కోర్బాకు 83 వచ్చాయి, దేశంలో అయిదో స్థానం. విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం కూడా డెబ్బై మార్కులు దాటి అదే తీవ్ర జాబితాలో ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయ్‌పూర్, భిలాయ్, కోర్బాలకు చోటు దక్కింది. బిలాస్‌పూర్‌కు దక్కలేదు. జాబితాలో లేని ఊరికి నిధులు రావు, గడువులు ఉండవు, గాలి గురించి అడిగే అధికారీ ఉండడు.

అలాంటప్పుడు ఈ ఊరు తన లెక్క తానే తీయాలి. అందుకు కావలసిన కాగితాలు మరే ఊరికీ లేనంతగా రైల్వే ఊరికి ఉన్నాయి. హార్వర్డ్ వాళ్లు ఒక్కొక్క మనిషినీ వెతికి పట్టుకుని పద్నాలుగేళ్లు వెంట ఉండాల్సి వచ్చింది. రైల్వే ఉద్యోగికి చేరిన రోజు నుంచి సర్వీసు బుక్కు ఉంటుంది. ఏ షెడ్డులో, ఏ యార్డులో ఎన్నేళ్లు చేశాడో అందులో ఉంటుంది. కుటుంబానికి మెడికల్ కార్డు ఉంటుంది, ఎప్పుడు ఏ జబ్బుతో చేరారో ఆసుపత్రిలో నమోదవుతుంది. రిటైరయ్యాక పెన్షన్ ఏ నెలలో ఆగిందో, ఫ్యామిలీ పెన్షన్ ఏ నెలలో మొదలైందో అకౌంట్సులో ఉంటుంది. పేర్లు తీసేసి ఈ మూడు రికార్డులను పక్కపక్కన పెడితే, బొగ్గు సైడింగు పక్కన బతికినవాళ్ల ఆయుష్షుకూ దూరంగా బతికినవాళ్ల ఆయుష్షుకూ తేడా ఎంతో తెలుస్తుంది. చలికాలం ఏ వారంలో పిల్లలు ఎక్కువ చేరుతున్నారో, ఆ వారం గాలి కొలత ఎంతో పోల్చవచ్చు. యూటా లోయలో జరిగింది ఇంతకంటే పెద్ద పనేమీ కాదు.

తోర్వాలో, రైల్వే కాలనీల్లో ఉన్న తెలుగు సంఘాలు, యూనియన్లు, పెన్షనర్ల సంఘాలు కలిసి ఈ ఒక్క కోరికను డివిజన్ అధికారుల ముందు పెట్టాలని నా విన్నపం. అందాకా ఇళ్లలో చేయగలిగింది ఒకటి ఉంది. ఈ చలికాలం నిప్పుల కుంపటిని రాత్రిపూట గదిలో పెట్టుకుని తలుపులు మూయకండి. చలి మరీ ఎక్కువగా ఉన్నా, బొగ్గు ఎర్రగా కాలి పొగ లేకుండా కనిపించినా సరే, పడుకునే ముందు దాన్ని బయట పెట్టండి.